కార్డు దాచుకున్న ఊరు

మొన్న అటక దులిపిస్తుంటే అమ్మ ట్రంకుపెట్టె కిందికి దిగింది. కలరా ఉండల వాసన కొట్టే పట్టుచీరల అడుగున, ఇంటి దస్తావేజుల మధ్య, మా చిన్నన్నయ్య ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు కనిపించింది. మడతల దగ్గర చిరిగి, వెనకంతా రెన్యువల్ ముద్రలతో నిండిపోయి ఉంది. దస్తావేజులతో కలిపి దాచడమేమిటని నవ్వకండి. ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో కార్డుకి అంత మర్యాదా ఉండేది.

ఈ ఎక్స్ఛేంజీలు మొదట మనకోసం పుట్టినవి కావు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇంటిదారి పట్టిన సిపాయిలకు పని చూపించడానికి 1945లో పెట్టారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1959లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సంస్థలూ, 25 మందీ ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ దగ్గరి ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజెయ్యాలని అందులో ఉంది. చిత్రమేమిటంటే, తెలియజెయ్యాలని ఉందిగాని, అక్కడ పేరున్నవాళ్ళనే తీసుకోవాలని లేదు! ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు. కార్డుందంటే వరసలో నిలబడ్డట్టేననీ, ఎప్పటికో మన వంతు వచ్చి తీరుతుందనీ, రేషను షాపు దగ్గర లెక్కే అందరి లెక్కానూ.

అలా నమ్మడానికి కారణాలు లేకపోలేదు. 1933లో రేవు తెరుచుకుంది. 1941లో ఓడల కార్ఖానాకి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. పదేళ్ళకొకసారి ఊరికి ఏదో ఒకటి వస్తూనే ఉందాయె. ఆపైన ఉక్కు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా లేచింది. అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టారు. నవంబరు 1న మా ఊళ్ళో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. చివరికి 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన చేసింది. 1971 జనవరి 20న తనే వచ్చి శంకుస్థాపన చేసింది.

ఆ ఏడే మా అన్నయ్య బి.కాం. ప్యాసయ్యాడు. ‘ఇంకేం, ఫ్యాక్టరీ వస్తోంది’ అన్నారు నాన్నగారు.

ఫ్యాక్టరీ రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూడండి. నిర్మాణం ఊపందుకున్నది 1982లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది 1990లో. జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న. శంకుస్థాపన నాడు ఇరవై ఏళ్ళున్న కుర్రాడికి కొలిమి వెలిగేసరికి నలభై దగ్గరపడ్డాయన్నమాట! రాళ్ళకీ ఇనుముకీ వయోపరిమితి లేదుగాని మనుషులకుంటుంది కదా.

ఆ అయిదేళ్ళూ ఇంట్లో ఉద్యోగం లేని మగపిల్లాడంటే ఏమిటో మీలో కొందరికైనా నేను చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది రోజూ గడ్డం గీసుకునేవాడు. తర్వాత్తర్వాత వారానికోసారయింది. పుస్తకాల పిచ్చివాడు లైబ్రరీకే వెళ్ళడం మానేశాడు. పూర్ణామార్కెట్టుకి పంపితే గంటన్నరకి గాని తిరిగొచ్చేవాడు కాడు. బద్ధకమని నాన్నగారు విసుక్కునేవారు. చాలాకాలం తర్వాత ఒక పుస్తకం గురించి చదివి నేను ఉలిక్కిపడ్డాను. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మరీన్‌తాల్ అని ఒక మిల్లు గ్రామం. మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని పోగొట్టుకుంటే, మేరీ యహోదా అనే యువతీ, ఆమె తోటివాళ్ళూ వెళ్ళి అక్కడి బతుకును పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. గడియారం పెట్టి నడక వేగం కూడా కొలిచారట! మగవాళ్ళు దారిలో ఆగి ఆగి నడిచారు. ఆడవాళ్ళ నడక మాత్రం చురుగ్గానే ఉంది, పొయ్యి పనీ పిల్లల పనీ పోలేదు కదా. చదువుకోడానికి బోలెడు తీరికున్నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. అచ్చం మా అన్నయ్యే. అది బద్ధకం కాదనీ, రోజుకి ఆకారం లేకపోవడమనీ నాన్నగారు బతికుండగా చెప్పగలిగితే ఎంత బాగుండేది!

మా ఇల్లు పాతపోస్టాఫీసు దగ్గర. రేవు కూత వినిపించేది. డాక్ కూలీల కోసం 1948లోనే ఒక చట్టమొచ్చింది. దాని కింద పేరు నమోదైన కూలీ హాజరై, పని దొరక్క వెనక్కి పోవలసివస్తే ఆ రోజుకి కొంత భత్యం ఇచ్చేవారు. పనికని పిలిచాక ఆ పని మొదలు కాకపోతే ఇచ్చేదానికి ఆ పథకాల్లో పెట్టిన పేరు ‘డిసప్పాయింట్‌మెంట్ మనీ’. అంటే ఆశాభంగపు డబ్బు! పక్కింటాయన ఈ మాట చెబితే అమ్మ, ‘బి.కాం. వాళ్ళకి కూడా ఇస్తే మేడ కట్టేవాళ్ళం’ అంది. అన్నయ్య చాన్నాళ్ళకి నవ్వాడు.

అన్నయ్య పరిస్థితి అమ్మ బయట ఎక్కడా పొక్కనిచ్చేది కాదు. ఎవరడిగినా ‘పరీక్షలకి చదువుతున్నాడు’ అనేసేది. 1976 శ్రావణమాసంలో ఒక పేరంటంలో మాత్రం, వాయనం అందుకుంటూ, ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒకావిడ దగ్గర నిజం కక్కేసింది. ‘ఖాళీగా ఉన్నాడండీ. అయిదేళ్ళయింది’ అని. ఆవిడ మరిదిగారు రేవులో ఓడల సరుకు విడిపించే ఏజెంటు దగ్గర పనిచేస్తున్నారు. అక్కడ బిల్లులు రాసే గుమాస్తా సెలవు పెట్టి వెళ్ళిపోయాడట. మర్నాడే అన్నయ్య గడ్డం గీసుకుని వెళ్ళాడు. మూడు నెలల పనికని చేరినవాడు అక్కడే రిటైరయ్యాడు.

దీన్ని అమ్మ వరలక్ష్మీదేవి మహిమంటుంది. నేను కాదనను. కాకపోతే, మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజికవేత్త 1974లో ఒక పుస్తకం రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికించుకున్నవాళ్ళని అడిగితే, ఆ కబురు చెప్పింది రోజూ కలిసే స్నేహితులు కాదు, ఎప్పుడో అప్పుడప్పుడు తగిలేవాళ్ళే ఎక్కువ అని తేలిందట. దగ్గరివాళ్ళకి తెలిసిందంతా మనకీ తెలుసు. కొత్త సంగతి దూరపువాళ్ళ దగ్గరే ఉంటుంది. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు శనగలు మూటగట్టుకుంటూ కబుర్లు చెప్పుకునే పేరంటాన్ని ఆయన చూసి ఉంటే మరో అధ్యాయం రాసేవాడు.

మాకు పెరుగు పోసే ఆవిడకి వేరే కార్డుండేది. ఉక్కు కర్మాగారం కోసం 60కి పైగా పల్లెల భూములు తీసుకున్నారు. నిర్వాసితులైన 16 వేలకు పైగా కుటుంబాలకు ‘ఆర్ కార్డు’లిచ్చారు. ఇంటికో ఉద్యోగం వస్తుందని వాళ్ళ ఆశ. దాదాపు సగం మందికే దొరికింది. ‘మా గుంటడికి నౌకరీ ఇత్తారటమ్మా’ అంటూ ఆవిడ కార్డు తెచ్చి చూపించేది. ఆ గుంటడికి మీసాలు వచ్చాయి, పెళ్ళయింది. నిర్మాణం రోజుల్లో కాంట్రాక్టరు దగ్గర బరువులు మోస్తూ, చూసి చూసి వెల్డింగు పట్టుకున్నాడు. దానితోనే బతికాడు. నాకు మా అన్నయ్య సంగతి కన్నా ఇదే ఎక్కువ గుర్తొస్తుంది. మాకు కార్డొక్కటే పోయింది, వాళ్ళకి జీడితోట కూడా పోయింది. 2021లో కర్మాగారాన్ని అమ్మేస్తారన్న వార్తకి ఊరు మళ్ళీ రోడ్డెక్కినప్పుడు, ఉద్యోగం రాని ఆర్ కార్డులు ఇంకా వేలల్లో ఉన్నాయి.

ఎక్స్ఛేంజిలో పేరు లేకపోతే పిలవరన్న బాధా చాలాకాలం సాగింది. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు ఉద్యోగాల కేసులోనే సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజికి తెలియజెయ్యడంతో పాటు పేపర్లలో కూడా ప్రకటించి, దరఖాస్తు చేసినవాళ్ళందరినీ పరిశీలించాలని చెప్పింది.

కార్డు దొరికిందని అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆఖరి ముద్ర ఏ ఏడాదిదో చూడమన్నాడు. చూస్తే 1979! అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది.

‘రెన్యువల్ చేయించకపోతే అన్నం పెట్టనంది అమ్మ’ అన్నాడు.