మూలుగ ఆకలి

ఎముకల నడిమి మూలుగలో ఎర్రకణాలు పుట్టి, పెరిగి, పక్వమై రక్తంలో చేరుతాయి. ఒక జాతి పాండురోగంలో ఈ క్రమం నడుమనే ఆగిపోతుంది. కణాలకు కొరత ఉండదు. మూలుగ నిండా అవే. కాని కొండంత పెరిగి, పండకముందే నశిస్తాయి. మూలుగ నిండుగా ఉండగానే మనిషి పాలిపోతాడు. ఈ వింతను విప్పిన చరిత్రలో ఒక ఆంధ్రుని పేరు ఉన్నది. దానినే మేము శ్రోతలకు జ్ఞాపకం చేయదలచాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. యౌవనంలోనే, ఎనిమిది రోజుల వ్యవధిలో, ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. అన్నాన్ని ఒంటికి పట్టనీయని ఆ జబ్బులో మూలుగ కూడా పైన చెప్పినట్లే చెడుతుంది. ఆయనకూ అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికారు. 1923లో అమెరికా చేరారు.

ఇక్కడ బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు, గర్భిణుల పాండురోగం ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించింది. సారంలోని గుణం ఏ పదార్థానిదో అప్పటికి తెలియదు. 1945లో లెడర్లే సంస్థలో సుబ్బారావుగారి ఆధ్వర్యాన పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా.

అయినా చెడ్డది విత్తనమా, చేనా? రోగి ఒంట్లో చూచినంతకాలం ఇది తేలదు. కనుక మూలుగను వెలికితీసి గాజుపాత్రలో, సీరం అనే రక్తరసంలో పెంచి చూశారు. స్ప్రూకు తోబుట్టువనదగిన పెర్నిషస్ అనీమియా రోగుల మూలుగ ఆరోగ్యవంతుల సీరంలో పక్వమైనది. రోగుల సీరంలో కాలేదు. విత్తనం మంచిదే! 1950లో లాజ్తా అనే శాస్త్రజ్ఞుడు రోగి సీరంలో ఏదో విఘ్నకారి ఉన్నదని తలచాడు. విటమిన్ బి12 లోపమే మూలమన్న మాట చివరకు నిలిచింది.

మూలుగను పోషించే పదార్థం రక్తకాన్సరులో శత్రువును కూడా పోషించవచ్చునన్న అనుమానం బోస్టనులో సిడ్నీ ఫార్బరుకు కలిగింది. ఫోలిక్ ఆమ్లంలా కనిపించి దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందం అందించింది. తినబోయే నోటికి ఉత్త ఊక అందించినట్లు! 1948 జూన్‌లో ఫార్బరు ఫలితాలు వెల్లడించాడు: 16 మంది బిడ్డలలో 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అయినా. అంతకుముందు ఆ బిడ్డల తల్లిదండ్రులకు ఆ కొంతకాలం కూడా లేదు.

రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు జ్ఞాతి అయిన మెథోట్రెక్సేట్ పిల్లల రక్తకాన్సరు చికిత్సలో స్థిరపడింది.