ప్రభువు ఏ వాడకు వచ్చెను?



క్రీస్తు ఎవరని నిన్నెవరైన అడిగినయెడల నీవేమి చెప్పుదువు? దేవుని కుమారుడందువు, లోకరక్షకుడందువు. మన ఆదివారపు బడి పిల్లలు సహితము ఈ మాటలను తడుముకొనక అప్పజెప్పుదురు. అవి సత్యములే. అయితే ఆ దేవుని కుమారుని సువార్త మన తెలుగు పల్లెలకు వచ్చినప్పుడు ఏ వాడలో నిలిచెనో ఎప్పుడైన ఆలోచించితివా? ఆ చరిత్ర తెలిసికొనినచో ఆయన ఎట్టివాడో మరింత స్పష్టముగా తెలియును.

అమెరికా బాప్టిస్టు మిషను వారు 1836 నుండి తెలుగువారి మధ్య పనిచేయుచుండిరి. ముప్పది యేండ్లు గడచినను ఫలము మిక్కిలి స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమను మాట అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చెను. అట్టి కాలములో, 1866 సెప్టెంబరులో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చిరి.

ఆయన రాకకు ముందే, ఆ సంవత్సరముననే, యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందియుండిరి. పేరయ్య తోళ్ల వ్యాపారము చేయు మాదిగవాడు. దేవుని వెదకుచు గురువుల నాశ్రయించి యోగసాధన చేసినవాడు. ఎంత సాధించినను దొరకని దేవుడు తానే మనుష్యులను వెదకుచు దిగివచ్చెనని విన్నప్పుడు ఆయన హృదయము నిండెను. ఆ వార్తను తన వారికి చెప్పక ఉండలేకపోయెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. ఆ నెలలోనే దొరగారు పేరయ్య గ్రామమునకు వెళ్లగా 28 మంది బాప్తిస్మము పొందిరి.

అప్పుడు చిక్కు వచ్చెను. ఒంగోలు పట్టణపు బ్రాహ్మణులు దొరగారిని మన్నించి తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. పెద్ద కులములవారు ముందుగా నమ్మిన తక్కినవారు వెంట వత్తురని అనేకులు తలంచు కాలమది. మాదిగలను చేర్చుకొనినయెడల మేము రామని ఆ పెద్దలు తెగేసి చెప్పిరి. దొరగారు కలతపడి ప్రార్థించి లేఖనము తెరువగా, దేవుడు లోకములో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము కనబడెను. వేరొక గదిలో ఆయన భార్యయు, ఆయన చదివినది ఎరుగకయే, అదే భాగమును చదువుచుండెను. ఇద్దరును మాటలాడుకొని ఆశ్చర్యపడిరి. తీర్మానము జరిగెను. బడి పిల్లలు వెళ్లిపోయిరి. మాదిగలు లోపలికి వచ్చిరి.

చదువరీ, ఇది దొరగారి తెలివి కాదు, ప్రభువు నడచిన త్రోవయే. ఆయన పశువుల తొట్టిలో పరుండెను, వడ్రంగి పని చేసెను. సమరయ స్త్రీని నీళ్లడిగినప్పుడు ఆమె నివ్వెరపోయెను. ఒకరి కడవ ఒకరు ముట్టని ఊరిలో పుట్టిన మనకు ఆమె ఆశ్చర్యము ఎవరును విప్పిచెప్పనక్కరలేదు. కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలవాడు చేయి చాపి ముట్టెను. యోహాను తాను ఆయన చెప్పుల వారు విప్పుటకైనను తగననెను. ఆ ప్రభువే నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. చెప్పులు కుట్టి బ్రతుకువారు ఈ మాట విన్నప్పుడు ఎట్లు విని యుందురో తలంచుము. కడపట ఆయన ఊరి గవిని వెలుపల చనిపోయెను. మన వాడలును ఊరి వెలుపలనే గదా ఉండెను!

పేదవాడు పేదలతో కూర్చుండుట వింత కాదు. సృష్టికర్త కూర్చుండుటయే వింత. అదియే సువార్త. ఆయన నీకొదేమును, జక్కయ్యను త్రోసివేయలేదు. అందరి పాపము కొరకును సిలువ నెక్కెను. అయితే ఎవరిని చేర్చుకొనుటకైనను మరియొకరిని వెలుపల నిలువబెట్టలేదు.

కూటికొరకు కలిసిరని మనలను ఎగతాళి చేయువారు నేటికిని కలరు. వారికి ఈ సంగతి చెప్పుము. 1876-78 మహా కరవులో దొరగారు బకింగ్‌హాం కాలువలో 3½ మైళ్ల త్రవ్వకమును ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టిపని, సందు దొరికినప్పుడు ప్రభువు కథ. ప్రయాసపడి భారము మోయువారిని ఆయన పిలుచుచున్నాడను మాట తట్టలు మోయువారికి చక్కగా అర్థమాయెను. అనేకులు బాప్తిస్మమడిగిరి. కూటికొరకు రాకూడదని దొరగారు ఇంచుమించు 15 నెలలు ఎవరికిని ఇయ్యలేదు. కరవు పని ముగిసిన తరువాతనే ఇచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు. మరుసటి సంవత్సరము, 1879లో, మన హనుమకొండలో మిషను కేంద్రము ఏర్పడెను. ఆ దీపమే మా రఘునాథపల్లి చుట్టుపట్ల పల్లెలకును వెలుగైనది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామ సంఘములో ప్రభుభోజన సంస్కారము జరిపి ప్రేమవిందుకు ఉంటిని. ఒకే పాత్రలోనిది త్రాగిన సహోదరులు అన్నమునకు వచ్చుసరికి రెండు పంక్తులైరి. మాలలు ఒక ప్రక్క, మాదిగలు ఒక ప్రక్క. ఒకరు వండిన కూర ఒకరు ముట్టలేదు. నాకు వేరుగా కుర్చీ వేసి వడ్డించిరి. ఆ కుర్చీ నాకు అనుకూలమాయెను. ఏ పంక్తిలో కూర్చుందునను ప్రశ్న తప్పెను. నేనేమియు అనక తిని వచ్చితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పేరయ్యను లోపలికి పిలిచిన ప్రభువు సంఘములో, ఆయన పిల్లల పిల్లలకు ఎడముగా వడ్డించుచుండగా, కాపరి కుర్చీలో కూర్చుండెను!

మరుసటి యేడు అచ్చటికే వెళ్లితిని. కుర్చీ వద్దంటిని. ఎవరి కూర మిగిలిపోయెనో ఆ తల్లి చెంత నేలమీద కూర్చుండి ఆమె చేతి అన్నము తింటిని. అవతలి పంక్తినుండి ఇద్దరు యౌవనస్థులు లేచివచ్చి నా ప్రక్కన కూర్చుండిరి. తక్కినవారు రాలేదు. ఇంకను ప్రార్థించుచున్నాను.

చదువరీ, నీ సంఘములో ప్రేమవిందు జరుగునప్పుడు ఎన్ని పంక్తులు? క్రీస్తు ఎవరని మన నోరు చెప్పుటకంటె మన విస్తరి ఎక్కువగా చెప్పును. ఊరి వెలుపలి వాడకు వచ్చిన ప్రభువు మనలను ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టును గాక. ఆమేన్.