పాత టర్బో పెట్రోల్ కారు: లోపం స్పార్క్‌లోనా, ఇంధనంలోనా?

నగర రహదారుల్లో నిలకడగా నడిచే కారు ఘాట్ రోడ్డు ఎక్కగానే, లేదా లారీని దాటేందుకు యాక్సిలరేటర్ బలంగా తొక్కగానే కుదుపులతో తడబడటం పాత టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తరచుగా కనిపించే లోపం. మెకానిక్‌లు దీనిని ‘మిస్సింగ్’ అంటారు. స్పార్క్ బలహీనపడినా, ఇంధనం చాలకపోయినా, గాలి గొట్టాలు లీకైనా పైకి కనిపించే లక్షణం దాదాపు ఒక్కటే. కాబట్టి ఊహ మీద విడిభాగాలు మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, లోపం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇందులో ఖర్చును మించిన ప్రమాదం కూడా ఉంది. టర్బో పూర్తి బలంతో గాలిని నెడుతున్నప్పుడు తగినంత ఇంధనం అందకపోతే దహన ఉష్ణోగ్రత పెరిగి, మిశ్రమం వేళకు ముందే పేలుతుంది. ఈ ‘నాకింగ్’ కొనసాగితే పిస్టన్ పగలవచ్చు, కరగవచ్చు. కొన్ని వేల రూపాయలతో ముగిసే మరమ్మతు ఇంజిన్ మొత్తం విప్పే పనిగా మారేది ఇక్కడే.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపునకు చెందిన 1.8 లీటర్ల 20 వాల్వుల టర్బో ఇంజిన్ ఈ లోపాలను అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ. 1990 దశకం మధ్యలో ఐరోపాలో వచ్చిన ఈ ఇంజిన్ తరువాతి దశకంలో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ద్వారా భారత విపణిలోకి ప్రవేశించింది. దీని తరువాతి రకాల్లో ప్రతి సిలిండర్‌కు విడి ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. ఈ కాయిల్స్ తరచుగా విఫలం కావడంతో వాటిని మార్చేందుకు 2003లో అమెరికాలో ప్రత్యేక కార్యక్రమమే చేపట్టవలసి వచ్చింది.

బూస్ట్‌లోనే ఎందుకు బయటపడుతుంది?

స్పార్క్ ప్లగ్ కొనల మధ్య ఉన్న గాలి ఎంత దట్టంగా ఉంటే, దానిని ఛేదించి నిప్పురవ్వ పుట్టించడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. ఐడిలింగ్‌లో సిలిండర్‌లోకి వెళ్లే గాలి తక్కువ కనుక బలహీనమైన కాయిల్ కూడా పని నెట్టుకొస్తుంది. టర్బో గాలిని కుక్కినప్పుడు అదే కాయిల్ చేతులెత్తేస్తుంది. అరిగిన ప్లగ్‌లో కొనల మధ్య ఖాళీ పెరగడం దీనికి తోడవుతుంది. టర్బో లేని అనేక ఇంజిన్లలో ఈ ఖాళీ 1 మిల్లీమీటరు వరకు ఉంటే, ఇలాంటి టర్బో ఇంజిన్లలో సుమారు 0.8 మిల్లీమీటర్లే ఉంటుంది. కచ్చితమైన కొలతకు కారు మాన్యువల్‌నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఇంధనం విషయంలోనూ ఇంతే. ఐడిలింగ్ అవసరాన్ని అరిగిన పంపు, సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా తీర్చగలవు. పూర్తి బలం అడిగినప్పుడే వాటి అసలు స్థితి తెలుస్తుంది.

మొదటి మెట్టు స్కానర్

పరికరాలు విప్పక ముందే ఓబీడీ స్కానర్‌తో కోడ్‌లు చదవాలి. పీ0301 నుంచి పీ0304 వరకు ఉన్న కోడ్‌లు వరుసగా ఒకటి నుంచి నాలుగు సిలిండర్లలో మిస్‌ఫైర్‌ను తెలుపుతాయి. ఒకే సిలిండర్ కోడ్ పదేపదే వస్తే కారణం ఆ సిలిండర్ కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్, వాల్వులలో ఉండవచ్చు. పీ0300 వచ్చి, లోపం ఒక సిలిండర్‌కు పరిమితం కాకపోతే ఇంధన పీడనం, గాలి లీకు వంటి ఉమ్మడి కారణాలను అనుమానించాలి.

కోడ్‌ల తరువాత చూడవలసింది ‘ఫ్యూయల్ ట్రిమ్’. మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో ఇది చెబుతుంది. ఐడిలింగ్‌లో ఎక్కువ ప్లస్‌లో ఉండి, వేగం పెరిగేకొద్దీ మామూలు స్థితికి వస్తే వాక్యూమ్ గొట్టాల లీకును వెతకాలి. ఇంజిన్‌పై భారం పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతూ పోతే ఇంధన సరఫరాను, గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను పరీక్షించాలి.

స్పార్క్ పరీక్ష

కాయిల్‌ను పరీక్షించడానికి ఖర్చులేని మార్గం స్థానం మార్చడం. పీ0302 వస్తుంటే ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చాలి. పాత కోడ్ చెరిపి కారు నడిపినప్పుడు పీ0303 వస్తే లోపం కాయిల్‌దే. రెండో సిలిండర్ కోడే మళ్లీ వస్తే ప్లగ్‌ను, తరువాత ఇంజెక్టర్‌ను అదే విధంగా మార్చి చూడాలి. అప్పటికీ లోపం కదలకపోతే కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కిన కాయిల్ కనెక్టర్లు, తుప్పుపట్టిన ఎర్త్ వైరు కూడా ఇవే లక్షణాలు చూపుతాయి.

తీసిన ప్లగ్ రంగు కూడా సాక్ష్యమే. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఇంధనం ఎక్కువైందని చెబుతుంది. బొబ్బలెక్కిన తెలుపు విపరీతమైన వేడికి, మిశ్రమంలో ఇంధనం తగ్గడానికి సంకేతం. పెట్రోలుతో తడిసి ఉంటే ఆ సిలిండర్ మండటం లేదని అర్థం.

ఇంధన పీడనం

ఈ తరహా ఇంజిన్లలో ఇంధన పీడనం స్థిరంగా ఉండదు. రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఒక సన్న గొట్టం వెళ్తుంది. 3 బార్ రెగ్యులేటర్ ఉన్న కారులో ఆ గొట్టం తీసినప్పుడు గేజ్ 3 బార్, అమర్చి ఐడిలింగ్‌లో చూస్తే సుమారు 2.5 బార్ చూపాలి. టర్బో 0.6 బార్ బూస్ట్ ఇస్తున్నప్పుడు అది 3.6 బార్‌కు చేరాలి. అలా చేరక పడిపోతుంటే పంపు, ఫిల్టర్, పంపునకు అందుతున్న వోల్టేజి, ఈ మూడింటినీ పరీక్షించాలి. వోల్టేజి చూడకుండా పంపు మార్చడం సాధారణంగా జరిగే పొరపాటు. రెగ్యులేటర్ సన్న గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే లోపలి పొర చిరిగినట్టే.

వేడెక్కిన ఇంజిన్ ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే, ఆగిన సమయంలో స్పార్క్, ఇంధనం రెండూ ఒకేసారి లేకపోతే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. దాని సంకేతం రాకపోతే కంప్యూటర్ రెండింటినీ నిలిపివేస్తుంది.

గాలి లీకు, ఇథనాల్ ప్రభావం

సెన్సర్ కొలిచిన గాలి టర్బో తరువాత గొట్టం పగులు నుంచి బయటికి పోతే, లేని గాలికి కూడా ఇంధనం అందుతుంది. ఫలితంగా నల్లపొగ వస్తుంది, బలం తగ్గుతుంది. దీనిని ఇంధన లోపంగా పొరబడే అవకాశం ఎక్కువ. పొగతో చేసే లీకు పరీక్షలో పగులు తేలిగ్గా బయటపడుతుంది.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా అందుబాటులోకి రావడంతో మరో అంశం చేరింది. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే దీనికి సుమారు 8 శాతం ఎక్కువ పరిమాణంలో ఇంధనం అవసరం. అందువల్ల ఏ లోపమూ లేని పాత కారులోనూ ఫ్యూయల్ ట్రిమ్ కొంత ప్లస్‌లో కనిపించవచ్చు. అయితే పంపు అప్పటికే బలహీనంగా ఉంటే ఈ అదనపు భారంతో లోపం బయటపడుతుంది. ఈ ఇంధనానికి తగినట్టు తయారుకాని పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను క్రమం తప్పక తనిఖీ చేయాలి.

ఎప్పుడు ఆపాలి?

చెక్ ఇంజిన్ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దానిని ధ్వంసం చేస్తుంది. వెంటనే వేగం తగ్గించి, సురక్షిత స్థలంలో కారు ఆపాలి. ఇంధన గొట్టాలు విప్పే ముందు లైనులోని పీడనం తగ్గించాలి; టర్బో చల్లారాలి, మంటలార్పే పరికరం చేతికందేలా ఉండాలి. నడుస్తున్న ఇంజిన్‌పై కాయిల్ ఊడదీయడం మనిషికీ, కారు కంప్యూటర్‌కూ ప్రమాదమే. బూస్ట్‌లో ఇంధన పీడనం పడిపోతున్నట్టు తేలిన కారును మరమ్మతు పూర్తయ్యే వరకు బలంగా నడపకూడదు.