పలక, డప్పు, సారా వేలం: నెల్లూరు మహిళల ఉద్యమం



ప్రజాస్వామ్యం కోసం శాంతియుత పోరాటం అనగానే మనకు పెద్ద నగరాల కూడళ్లు గుర్తుకొస్తాయి. అర్జెంటీనాలో 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ బిడ్డల ఆచూకీ అడుగుతూ ప్లాజా దె మాయోలో నిలబడ్డారు. వాళ్లు తలకు కట్టుకున్న తెల్ల గుడ్డ ఆ తర్వాత ఆ కూడలి నేల మీద బొమ్మగా వెలిసింది. ఈ పాఠంలో అంత దూరం పోనక్కర్లేదు. పాములపాడు నుంచి నల్లమల దాటి ఆగ్నేయంగా పోతే ప్రకాశం జిల్లా, దాని కింద నెల్లూరు జిల్లా వస్తాయి. నెల్లూరు జిల్లాలో కలిగిరి మండలంలో దూబగుంట అనే పల్లె ఉంది. మన చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.

1992లో మనకు ఓటు హక్కు ఉంది, శాసనసభ ఉంది, పత్రికలు ఉన్నాయి. మరి ప్రజాస్వామ్యం కోసం పోరాటం ఏమిటి అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు సారా వేలంపాటలో ఉంది. కాబట్టి ముందు వేలం ఎలా జరిగేదో తెలుసుకోవాలి. ఎక్సైజు సంవత్సరం అక్టోబరు 1న మొదలయ్యేది. అంతకుముందే జిల్లా కేంద్రంలో అధికారుల సమక్షంలో సారా దుకాణాలకు పాట పెట్టేవారు. ఎక్కువ పాడిన కాంట్రాక్టరుకు ఏడాదిపాటు అమ్మే హక్కు దక్కేది. పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలి కాబట్టి అతడు సారాను దుకాణంతో ఆపక వాడవాడకూ, గుడిసె గుమ్మం దాకా పంపేవాడు. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేయడంతో ఈ పని మరీ తేలికైంది. రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 1970–71లో రూ.39 కోట్లు ఉండగా 1991–92 నాటికి రూ.812 కోట్లకు చేరింది. ఊళ్లో సారా అమ్మాలా వద్దా అని ఆ ఊరిని అడిగినవారు లేరు. సాయంత్రం కూలి డబ్బు ఇంటికి చేరుతుందో లేదో తెలియని ఆడవాళ్లను అసలే అడగలేదు. పోరాటం ఓటు కోసం కాదు. తమ బతుకును నిర్ణయించే ఆ వేలం గదిలో తమ మాట చెల్లడం కోసం.

ఇక కళ సంగతి. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో ఏర్పడింది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు రూపొందించిన ‘కళాజాతా’ పద్ధతి ఆ తర్వాత దేశమంతా పాకింది. నెల్లూరులో 1991 జనవరిలో ‘అక్షర దీపం’ కార్యక్రమం మొదలైనప్పుడు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు డప్పు, పాట, వీధి నాటకంతో పల్లెలు తిరిగారు. చదువుకోండి అని చెప్పడానికే వెళ్లారు. అయితే మనం ముఖ్యంగా గమనించాల్సింది ఆ ప్రదర్శనల్లో చెప్పినదానికంటే అవి జరిగిన చోటు. రచ్చబండ దగ్గర రాత్రిపూట కూర్చునే హక్కు అంతవరకు మగవాళ్లదే. డప్పు మోగిన రోజున ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఆట ముగిశాక మాట మొదలైంది. నా దృష్టిలో కళాజాతా సాధించిన అసలు విజయం ఇదే. పాటల్లో నాణ్యత ఎంత అని విమర్శించేవారికి ఈ సంగతి కనిపించదు.

తెలుగునాట ఇది కొత్త కాదు. పాట రాసిన నేరానికి గరిమెళ్ల సత్యనారాయణ 1920లలో జైలుకు వెళ్లారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ వేదిక ఎక్కించింది. నాజర్ గొంతు అందులో అందరికంటే పెద్దది. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ కాలంలో కళ ప్రభుత్వానికి ఎదురు నిలిచింది. నెల్లూరులో విచిత్రం ఏమిటంటే కళాజాతాను పంపినది ప్రభుత్వమే. ఒక చేత్తో పలక ఇచ్చింది, రెండో చేత్తో సారా పాట పెట్టింది.

అక్షరాలు వచ్చిన కొద్దీ ఈ రెండు చేతులూ ఒకే మనిషివని ఆడవాళ్లకు తెలిసిపోయింది. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. తాగుబోతు భర్తతో పడే పాట్లు అందులో ఉన్నాయి. దూబగుంటలో రోశమ్మ తదితర మహిళలు ఒకటై తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉదంతం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పేరుతో తర్వాతి దశ వాచకంలో పాఠమైంది. పక్క ఊళ్లలో దాన్ని కూడబలుక్కుని చదివిన మహిళలు, వాళ్లు చేసింది మనమెందుకు చేయలేం అనుకున్నారు. ఒక ఊరి అనుభవం అచ్చులో మరో ఊరికి చేరింది. చరిత్రకారులకు ఇంత స్పష్టమైన కార్యకారణ సంబంధం అరుదుగా దొరుకుతుంది.

1992లో ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. ఆడవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పొలిమేరలో సారా జీపులకు కాపలా కాశారు. ప్యాకెట్లు తగలబెట్టారు. తాగడానికి నీళ్లు రాని ఊరికి సారా మాత్రం వేళకు ఎలా వస్తోందని అధికారులను నిలదీశారు. చీపురు, కారప్పొడి, తగలబెట్టడం శాంతియుతమేనా అని మీకు సందేహం రావచ్చు. వివాదం ఉంది, కాదనను. కానీ కాంట్రాక్టర్ల మనుషుల బలంతో పోల్చి చూడండి. వాళ్ల చేతుల్లో ఉన్నవి వంటింటి వస్తువులే, వాటిని కూడా ఎక్కువగా బెదిరించడానికే వాడారు. సెప్టెంబరులో వేలానికి వేల సంఖ్యలో మహిళలు అడ్డుపడటంతో పాట పదేపదే వాయిదా పడింది. ఎక్సైజు క్యాలెండరు తెలిస్తే ఆ నెల ప్రాధాన్యం అర్థమవుతుంది.

కళ ఒక్కటే ఇదంతా చేసిందంటే అతిశయోక్తి. ‘ఈనాడు’ పత్రిక ‘సారాపై సమరం’ పేరుతో రోజూ వార్తలిచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి గాంధేయవాదులు, మహిళా సంఘాలు, వామపక్షాలు, ప్రతిపక్షాలు ఎవరి కారణాలతో వారు చేరారు. ఉద్యమం చిత్తూరు, కర్నూలు జిల్లాలకూ పాకింది. పాములపాడు అప్పట్లో కర్నూలు జిల్లాలోదే. నెల్లూరు జిల్లాలో సారాను 1993 ఏప్రిల్ 15న ఆపారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించారు. నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు జిల్లావారే.

తరువాతి కథ మహిళల చేతుల్లో సాగలేదు. సంపూర్ణ మద్యనిషేధం ఎన్నికల వాగ్దానమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకార వేదిక మీదే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16న అమలులోకి వచ్చింది. 1997లో ఆదాయం లెక్కలు చూపి సడలించారు. సారాపై నిషేధం మాత్రం అలాగే ఉంది. పెట్టిందీ తీసిందీ సచివాలయమే. రెండుసార్లూ రచ్చబండ దగ్గర డప్పు మోగలేదు.

మీ ప్రాజెక్టు పని: మీ ఊళ్లో యాభై ఐదేళ్లు దాటిన ముగ్గురు మహిళలతో మాట్లాడండి. ఉద్యమం గురించి నేరుగా అడగకండి, పత్రికల్లో చదివిందే చెబుతారు. రాత్రిబడి ఎక్కడ జరిగేది, ఎవరు చెప్పేవారు, కళాజాతా వాళ్లు ఏ పాట పాడారు, చూడటానికి ఇంట్లో ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు వద్దన్నారు అని అడగండి. వాళ్లు పాట గుర్తు చేసుకుని పాడితే ఆపకండి. చివరి దాకా విని, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.