ప్రాచీన లాటిన్ ప్రేమ కవిత్వం

ప్లాటస్, టెరెన్స్ హాస్య నాటకాల్లో ప్రేమికులకు కొదవ లేకపోయినా, కవి తన పేరుతోనే తన వలపును కవితల వరుసగా చెప్పుకోవడం లాటిన్‌లో వెరోనా వాడైన కటుల్లస్ (సుమారు క్రీ.పూ. 84–54)తో నిలదొక్కుకుంది. తన ప్రియురాలిని అతడు 'లెస్బియా' అన్నాడు. లెస్బోస్ ద్వీపపు గ్రీకు కవయిత్రి శాఫోను తలపించే పేరది. ఆమె అసలు పేరు క్లోడియా అని క్రీ.శ. 2వ శతాబ్దంలో అపులియస్ రాశాడు. పేర్లు మారుపేర్లు, భావాలు గ్రీకుల నుంచి తెచ్చుకున్నవి, పైగా అడుగడుగునా చమత్కారం. కాబట్టి ఇందులో నిజమైన ఆవేదన లేదనే విమర్శ ఉంది. అయితే కటుల్లస్ 85వ కవిత చూడండి. మొత్తం రెండు పాదాలు, పద్నాలుగు మాటలు. వాటిలో ఎనిమిది క్రియలు. నామవాచకం గానీ విశేషణం గానీ ఒక్కటీ లేదు. ప్రేమా ద్వేషమూ ఒకే మనిషి మీద ఒకేసారి కలిగితే పడే నరకాన్ని ఇంత బిగువుగా పట్టింది ఆ నేర్పే. శాఫో గీతాన్ని అనువదించిన 51వ కవితలోనూ, మనకు అందిన ప్రతుల ప్రకారం, అతడు చివరి చరణంలో తననే పేరు పెట్టి పిలిచి మందలించుకుంటాడు. అరువు తెచ్చుకున్న రూపంలోనే సొంత గొంతు పలికింది.

తర్వాతి తరంవారు ఎలిజీ ఛందస్సును చేపట్టారు. ఇందులో మొదటి పాదానికి ఆరు గణాలు, రెండో పాదానికి ఐదు అని లెక్క. ఒవిడ్ తన 'అమోరెస్'ను ఈ లెక్కతోనే మొదలుపెట్టాడు: వీరగాథ రాయబోతుంటే మన్మథుడు నవ్వి రెండో పాదంలో ఒక గణం దొంగిలించాడట! ఈ చమత్కారం కేవలం వినోదం కాదు. బానిసలున్న సమాజంలో స్వతంత్ర పౌరుడైన ప్రొపెర్షియస్ తాను ప్రియురాలు సింథియాకు దాసుణ్ణని చెప్పుకోవడం, టిబుల్లస్ యుద్ధ కీర్తి కంటే డెలియా సన్నిధే మేలనడం రోమన్ పౌరుషానికి ఎదురు నిలిచిన మాటలు. క్రీ.పూ. 18లో చక్రవర్తి అగస్టస్ వ్యభిచారాన్ని శిక్షార్హ నేరం చేశాక వాటి పదును మరింత పెరిగింది. టిబుల్లస్ సంపుటిలో మిగిలిన కవయిత్రి సల్పీషియా కవితలు ఆరే. తన పుట్టినరోజున ప్రియుడు కెరింథస్‌ను విడిచి పల్లెకు వెళ్లాల్సి రావడంపై ఆమె చూపిన చిరాకు ఎంతో సహజమైనది, అందమైనది.

చమత్కారం ప్రాణం లేని ఆటే అయితే పాలకులు దానికి ఉలిక్కిపడేవారు కారు. క్రీ.శ. 8లో అగస్టస్ ఒవిడ్‌ను నల్లసముద్ర తీరంలోని టోమిస్‌కు (నేటి రుమేనియాలోని కాన్‌స్టాంట్సా) పంపేశాడు. ఒక కావ్యం, ఒక పొరపాటు ఇందుకు కారణమని కవే చెప్పుకున్నాడు. ఆ కావ్యం 'ఆర్స్ అమటోరియా' (ప్రేమ కళ). పొరపాటు కూడా ఉందంటే శిక్షకు కావ్యం ఒక సాకేనన్న వాదన తోసిపుచ్చదగింది కాదు. కానీ సాకుగానైనా దాన్ని ఎంచుకున్నారంటే దాని ప్రభావం ఎంతటిదో తెలుస్తుంది.

మధ్యయుగాల్లో ఒవిడ్‌ను విరివిగా చదివారు. కటుల్లస్ మాత్రం దాదాపుగా మరుగునపడి, 1300 ప్రాంతంలో వెరోనాలో బయటపడిన ఒకే ఒక్క ప్రతి వల్ల మిగిలాడు. ఎలిజీకి ఆద్యుడిగా చెప్పే గాలస్ రచనలు ఒక్క పాదం తప్ప అన్నీ పోయాయి. 1978లో ఈజిప్టులోని ఖస్ర్ ఇబ్రీం తవ్వకాల్లో దొరికిన పపైరస్ ముక్క మరికొన్ని పాదాలను చేర్చింది.