కోదండమా, పెద్దరికమా?

తెలుగునాట వీధిబడుల ప్రస్తావన వస్తే కోదండం మాట రాక మానదు. పాఠం అప్పజెప్పని పిల్లవాడూ, తోటివారిని చదువుకోనివ్వని పిల్లవాడూ దూలానికి కట్టిన తాడు పట్టుకొని వేలాడవలసి వచ్చేది. ఆ శిక్ష జ్ఞాపకాల్లో నిలిచిపోయింది. అదే అరుగు మీద చురుకైన పిల్లవాడి చేతికి పని కల్పించే మరొక పద్ధతి కూడా ఉండేదన్న సంగతి మాత్రం మరుగున పడింది. సముద్రాలు దాటి ఇంగ్లండు చేరినది ఆ రెండవ పద్ధతే.

ఈ రెండింటినీ ఒకేచోట నమోదు చేసినవాడు బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంప్‌బెల్ ఇతడే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు సేకరించమని జిల్లాల కలెక్టర్లను ఆదేశించగా, క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగువి, 235 కన్నడానివి. మొత్తం విద్యార్థులు 6,641 మంది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండవవాడికి సున్న. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. సోమరులను కొట్టడం, చేతులు కట్టి కప్పీతో పైకప్పుకు వేలాడదీయడం, ఎడతెగకుండా గుంజీలు తీయించడం కూడా ఆ నివేదికలో ఉన్నాయి. అయితే ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకొనే ఏర్పాటును క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీనిని అనుకరించడం సబబేనన్నాడు.

ఆ అనుకరణకు ఆద్యుడు ఆండ్రూ బెల్. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టిన ఈ మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథ శరణాలయానికి పర్యవేక్షకుడయ్యాడు. యూరోపియన్ సైనికులకు భారతీయ స్త్రీల వల్ల కలిగిన పిల్లలు అక్కడ ఎక్కువ. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి బెల్ తన పాఠశాలలోనూ అలాగే నేర్పించమన్నాడు. కింది ఉపాధ్యాయులు అది సాగదన్నారు. బెల్ వారితో వాదించక, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ విద్యార్థికి ఆ పని అప్పగించాడు, అది సాగింది. క్రమంగా తరగతులన్నీ పిల్లల చేతుల్లోకి వచ్చాయి. తప్పులను ఒక పుస్తకంలో రాసి, వారానికొకసారి విద్యార్థుల పంచాయతీ ముందు విచారించేవారు. శిక్షించవలసిన అవసరం బాగా తగ్గిందని బెల్ 1797లో లండనులో ప్రకటించిన పుస్తకంలో చెప్పుకున్నాడు.

లండనులోని సదర్క్ పేదపిల్లలకు 1798లో బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ దాదాపు ఇదే దారి పట్టాడు. ఈ పద్ధతి ఎవరిదన్న వివాదం ఇద్దరి అనుచరుల మధ్య చాలాకాలం సాగింది. అల్లరి విషయంలో మాత్రం లాంకాస్టర్ మాట మరింత సూటిగా ఉంటుంది. క్రమశిక్షణను తరచుగా తప్పేవారు హుషారైన పిల్లలేననీ, వారిని దారికి తేవడానికి మంచి ఉపాయం వారినే తోటివారిపై పెద్దలుగా నియమించడమనీ 1803 నాటి గ్రంథంలో అతడు రాశాడు. అతని దృష్టిలో అల్లరి అంటే పని దొరకని తెలివి. అయినా ఆ పుస్తకంలోనే అవమానకరమైన శిక్షలూ ఉన్నాయి. బెత్తాన్ని వ్యతిరేకించిన ఆ క్వేకరు తప్పు చేసినవారి మెడకు కొయ్యదుంగ తగిలించేవాడు. బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసేవాడు. బళ్ళారి కప్పీకీ సదర్క్ బుట్టకీ పెద్ద తేడా లేదు. ఒకే పైకప్పు కింద పెద్దరికమూ కోదండమూ రెండూ కొనసాగాయి.

పెద్దరికానికీ పరిమితులున్నాయి. వందలమంది పిల్లలకు ఒకే ఉపాధ్యాయుడున్న చోట ఈ పద్ధతి ఖర్చు తగ్గించే సాధనంగా మారింది. తెలివైన పిల్లవాడు తనకు వచ్చిన పాఠాన్నే పదేపదే చెబుతూ ఉంటే అతనికి కొత్త చదువు ఎప్పుడు? అర్థం తెలియకుండానే పద్యాలు వల్లె వేయిస్తున్నారని క్యాంప్‌బెల్ వీధిబడులపై మోపిన ఆక్షేపణ ఇంగ్లండు బడులకూ వర్తించింది. 1846లో అక్కడి ప్రభుత్వం పిల్లల పెత్తనం స్థానంలో, వయసు వచ్చిన విద్యార్థులకు జీతమిచ్చి ఐదేళ్ళపాటు ఉపాధ్యాయ శిక్షణ నిచ్చే ఏర్పాటును ప్రవేశపెట్టింది. అంటే ఇతరులకు నేర్పేవాడు తానూ నేర్చుకుంటూ ఉండాలన్న నియమం చేరింది.

బెల్ 1832లో మరణించాడు. అతడు విడిచిన ధనంతో సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన పాఠశాల పేరు మద్రాస్ కాలేజ్. ఒక దక్షిణాది నగరం పేరు నేటికీ ఆ స్కాటిష్ పట్టణంలో వినిపిస్తుంది. ఆ పేరు వెనుక అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించిన పేరులేని పిల్లలున్నారు. కుదురుగా కూర్చోలేని తెలివిని ఏం చేయాలన్న ప్రశ్నకు వారి బడి రెండు జవాబులు చెప్పింది. బెల్ ఇంగ్లండుకు మోసుకుపోదగినదిగా ఎంచుకున్నది అందులో ఒక్కదానినే. మరొకదానికి ఓడ ఎక్కవలసిన అవసరం కలగలేదు, అది అక్కడ ముందే ఉంది.