పిల్లల భయానికి మానసిక చికిత్స: నచ్చజెప్పడం నుండి క్రమాభ్యాసం వరకు - చారిత్రక పరిశీలన

సారాంశం:
పిల్లల్లోని భయాన్ని, ఆందోళనను మానసిక చికిత్స ద్వారా తగ్గించే ప్రయత్నాలు ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి నమోదయ్యాయి. 1909 - 2008 మధ్య వెలువడిన కొన్ని ముఖ్య అధ్యయనాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. సిద్ధాంతానికి ఉదాహరణగా ఉన్న బిడ్డ, చికిత్స వేగాన్ని నిర్ణయించే భాగస్వామిగా మారడమే ఈ చరిత్రలోని ప్రధాన పరిణామమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భయం, ఆందోళన, బెంగ, మేరీ కవర్ జోన్స్, ప్రవర్తనా చికిత్స, క్రమాభ్యాసం.

1. ఉపోద్ఘాతం:
భయపడే పిల్లలకు ధైర్యవచనాలు చెప్పడం, మందలించడం, హేళన చేయడం పెద్దల్లో తరచుగా కనిపించే అలవాటు. ‘ఇంత పెద్దవాడివయ్యావు, ఇంకా భయమేమిటి?’ అన్న మాట తెలుగు ఇళ్ళకు కొత్తది కాదు. ఇటువంటి పద్ధతులు భయాన్ని నిజంగా తగ్గిస్తాయా అనే ప్రశ్నను అమెరికన్ మనస్తత్త్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రయోగపూర్వకంగా పరీక్షించారు. ఆమె కృషి ప్రాధాన్యం తెలియాలంటే అంతకుముందు జరిగిన రెండు అధ్యయనాలను గమనించాలి.

2. సిద్ధాంతానికి సాక్ష్యంగా బిడ్డ:
సిగ్మండ్ ఫ్రాయిడ్ 1909లో ‘లిటిల్ హాన్స్’ అనే ఐదేళ్ళ బాలుని వృత్తాంతాన్ని ప్రచురించాడు. గుర్రం కరుస్తుందన్న భయంతో ఆ బాలుడు వీధిలోకి వెళ్ళడానికి జంకేవాడు. చికిత్స ప్రధానంగా తండ్రి ద్వారానే సాగింది. ఆ కాలంలో ఫ్రాయిడ్ బాలునితో నేరుగా మాట్లాడినది ఒక్కసారే. బాలుని మాటలు తండ్రి వ్రాతల ద్వారా ఫ్రాయిడ్‌కు చేరి, అక్కడ సిద్ధాంతానికి ఆధారాలయ్యాయి.

1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ‘లిటిల్ ఆల్బర్ట్’ ప్రయోగాన్ని వెలువరించారు. తెల్ల ఎలుకను చూపుతూ, శిశువు వెనుక ఉక్కు కడ్డీని సుత్తితో మోగించి వారు ఆ శిశువులో భయాన్ని కలిగించారు. ఆ భయం కుందేలుకు, కుక్కకు కూడా వ్యాపించింది. దాన్ని తొలగించే ప్రయత్నం జరగకముందే శిశువు ఆసుపత్రి విడిచి వెళ్ళిపోయాడు. భయం నేర్చుకోగలిగినదని చూపడానికి ఒక బిడ్డను భయపెట్టిన ఈ ప్రయోగం నేటికీ నైతిక విమర్శను ఎదుర్కొంటూనే ఉంది.

3. పీటర్ - కుందేలు:
నేర్చుకున్న భయాన్ని పోగొట్టవచ్చా అన్నది జోన్స్ ప్రశ్న. వాట్సన్ సలహాలతో, న్యూయార్క్‌లోని ఒక శిశు సంరక్షణ సంస్థలో, మూడు నెలల నుండి ఏడేళ్ళ వరకు వయసుగల 70 మంది పిల్లలను ఆమె పరిశీలించారు. నచ్చజెప్పడం, దృష్టి మళ్ళించడం, భయం కలిగించే వస్తువును దూరంగా ఉంచడం, తోటివారి హేళన వంటి పద్ధతులను పోల్చి చూశారు. కుందేలంటే భయపడే ఒక బాలికతో కథలు, బొమ్మల సాయంతో ప్రతిరోజూ కుందేళ్ళ గురించి ముచ్చటించారు. ఆమె ఆ ముచ్చట్లను ఆనందించింది. నిజమైన కుందేలును చూడగానే మళ్ళీ భయపడింది. ఈ పద్ధతులన్నింటిలో రెండే స్పష్టమైన ఫలితమిచ్చాయి: ఇష్టమైన అనుభవంతో భయకారకాన్ని జతచేయడం, భయపడని పిల్లలను చూసి నేర్చుకోనివ్వడం.

ఈ రెండింటినీ కలిపి వాడినదే పీటర్ ఉదంతం. అధ్యయనం మొదలైనప్పుడు ఆ బాలునికి రెండేళ్ళ పది నెలలు. అతనికి ఇష్టమైన ఆహారం పెట్టి, తినడానికి ఆటంకం కలగనంత దూరంలో పంజరంలోని కుందేలును ఉంచేవారు. పీటర్ సహించే కొద్దీ దాన్ని దగ్గరకు తెచ్చేవారు. అతని ప్రగతిని జోన్స్ 17 మెట్లుగా నమోదు చేశారు: కుందేలు గదిలో ఎక్కడున్నా భయపడటం మొదటిది, తన వేళ్ళను కుందేలు కొరుకుతున్నా ఊరుకోవడం చివరిది. మధ్యలో అతడు జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక కుక్క బెదరగొట్టింది. పాత భయం మళ్ళీ మొదలైంది. ఈ వెనుకడుగును కూడా జోన్స్ దాచకుండా నమోదు చేశారు. కుందేలును తొందరపడి దగ్గరకు తెస్తే ఆహారమే భయకారకంగా మారవచ్చని గుర్తించారు. అందువల్ల ఈ పద్ధతిలో వేగం చికిత్సకుని చేతిలో కాక, బిడ్డ సహనంపై ఆధారపడింది.

4. వ్యక్తి వృత్తాంతం నుండి పరీక్షకు:
జోన్స్ పరిశోధన చాలాకాలం మరుగున పడింది. జోసెఫ్ వోల్పె 1958లో క్రమబద్ధ నిర్భీతీకరణ పద్ధతిని గ్రంథస్థం చేసిన తరువాత ఆమె ప్రాధాన్యాన్ని విద్వాంసులు గుర్తించారు. ఆమెను ‘ప్రవర్తనా చికిత్సకు తల్లి’గా పేర్కొన్నారు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం మూడవ కూర్పు బాల్య, కౌమార ఆందోళన రుగ్మతలకు ప్రత్యేక స్థానం కల్పించింది.

ఫిలిప్ కెండాల్ 1994లో 9 - 13 ఏళ్ళ 47 మంది పిల్లలపై జరిపిన యాదృచ్ఛిక పరీక్ష ఫలితాలను ప్రకటించాడు. ఆయన పద్ధతిలో పిల్లలు మొదట శరీరం చూపే భయచిహ్నాలను, మనసులోని ఆలోచనలను గుర్తించడం నేర్చుకుంటారు. తరువాత భయపెట్టే సందర్భాలను తేలికైనవాటితో మొదలుపెట్టి క్రమంగా ఎదుర్కొంటారు. 2008లో వెలువడిన బహుకేంద్ర అధ్యయనంలో 7 - 17 ఏళ్ళవారు 488 మంది పాల్గొన్నారు. పన్నెండు వారాల తరువాత, ఈ తరహా చికిత్స పొందినవారిలో 59.7%, సెర్ట్రలిన్ ఔషధం తీసుకున్నవారిలో 54.9%, రెండూ పొందినవారిలో 80.7% గణనీయంగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో ఇది 23.7%.

5. తెలుగు పదజాల సందర్భం:
ఈ చికిత్సలో తొలి మెట్టు అనుభవానికి పేరు పెట్టడం. కనుక బిడ్డ మాట్లాడే భాష ఇక్కడ కీలకమవుతుంది. తెలుగులో బెదురు, జంకు, దిగులు, బెంగ, గుండెదడ వంటి మాటలకు వేర్వేరు ఛాయలున్నాయి. ‘అమ్మ మీద బెంగ పెట్టుకుంది’ అన్న వాక్యం ఎడబాటు వల్ల కలిగే వేదనను సూటిగా చెబుతుంది. ప్రతి బెంగా రుగ్మత కాదు; కానీ అది బడిని, నిద్రను, ఆటను అడ్డుకుంటూ కొనసాగితే సహాయం అవసరం. వీటన్నింటినీ ‘ఆందోళన’ అనే ఒక్క పారిభాషిక పదంలో కుదిస్తే, బిడ్డ తన స్థితిని చెప్పుకునే మార్గం ఇరుకవుతుంది.

6. ముగింపు:
• భయాన్ని తగ్గించడంలో మాటలతో నచ్చజెప్పడానికి ఉన్న పరిమితిని 1924 నాటి అధ్యయనమే చూపింది.
• పీటర్ ఉదంతంలోని మెట్ల పద్ధతిని పోలిన క్రమం నేటి చికిత్సల్లోనూ కనిపిస్తుంది.
• 1924లో జోన్స్ పరిశీలించినవి చిన్నపిల్లల భయాలు; 1994, 2008 అధ్యయనాలు నిర్ధారిత రుగ్మతలకు చెందినవి. ఈ భేదాన్ని విస్మరించి రెండింటి ఫలితాలను సమానంగా చూడరాదు.
• తెలుగు పిల్లలకు ఈ పద్ధతులను అందించే అభ్యాస పుస్తకాలు అనువాదంతో సరిపెట్టుకోకుండా, పిల్లలు వాడే మాటలను సేకరించి రూపొందించుకోవాలి. ఇందులో మనస్తత్త్వ శాస్త్రంతోపాటు తెలుగు శాఖలకూ బాధ్యత ఉంది.